స్టాప్‌వాచ్ మాహాత్మ్యం

పనిచేసేవాడి పక్కన పనిచేయనివాడు ఒకడు నిలబడితేనే పని సాగుతుందని మనవాళ్లు ఏనాడో కనిపెట్టారు. ఆయన్నే మేస్త్రీ అంటాం. చంకలో చిట్టా పుస్తకం, నోట్లో కేకలు. ఆయనకు లేనిదల్లా శాస్త్రమే. ఆ లోటు తీర్చిన మహానుభావుడు ఫిలడెల్ఫియాలో పుట్టిన ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ గారు. మేస్త్రీ చేతిలో స్టాప్‌వాచ్ పెట్టారు. దాంతో కేకలు తగ్గాయి, జీతం పెరిగింది. మేస్త్రీదే లెండి.

టేలర్ గారికి దారి వేసింది హెన్రీ టౌన్. ఇంజనీరుకు యంత్రాలు తెలిస్తే చాలదు, ఖర్చుల లెక్కా ఫ్యాక్టరీ నడపడమూ తెలియాలని 1886లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఆయన పత్రం చదివారు. ప్రమోషన్ అంటే స్పానర్ కింద పెట్టేయడమే అన్న మన సంప్రదాయానికి అక్కడే బీజం పడిందని నా నమ్మకం.

అసలు ఘట్టం 1899లో, బెత్లెహేం స్టీల్ కంపెనీ యార్డులో జరిగింది. హమాలీలు దుక్క ఇనుము దిమ్మెలను వ్యాగన్లలోకి ఎక్కిస్తున్నారు. ఒక్కో దిమ్మె 92 పౌండ్లు, మన సిమెంటు బస్తా కన్నా కాస్త తక్కువ. మనిషికి రోజుకు పన్నెండున్నర టన్నులు అవుతోంది. టేలర్ గారు లెక్కగట్టి, కాదు, 47 టన్నులు అవ్వాలన్నారు. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా 1,100 పైచిలుకు దిమ్మెలు. దీనికి ష్మిట్ అని ఆయన పేరు పెట్టిన ఒక హమాలీని ఎంచుకుని, 'నువ్వు ఖరీదైన మనిషివేనా?' అని అడిగారట. అవునంటే రోజు కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లు. షరతు ఒక్కటే. వాచీ పట్టుకున్న ఆయన ఎత్తమంటే ఎత్తాలి, నడవమంటే నడవాలి, కూర్చోమంటే కూర్చోవాలి, ఎదురు చెప్పకూడదు. అలసట తీర్చుకోవడం కూడా ఆర్డరు మీదే. సాయంత్రానికి 47 టన్నులు ఎక్కాయి. పని దాదాపు నాలుగింతలు, కూలి పెరిగింది 60 శాతం. అప్రైజల్ లెటర్ అందుకున్నవారికి ఈ నిష్పత్తిని పరిచయం చేయక్కర్లేదు.

ఇలాంటి పనికి బుద్ధిలో ఎద్దుకు దగ్గరగా ఉన్నవాడే సరిపోతాడని 1911లో వేసిన పుస్తకంలో టేలర్ గారు రాశారు. ఆ పుస్తకంలోనే ఇంకోచోట, ఈ ఎద్దు చిన్న స్థలం కొనుక్కుని, పొద్దున్నే పనికి వెళ్లేముందూ సాయంత్రం వచ్చాకా సొంత ఇంటికి గోడలు లేపుకుంటోందని కూడా ఆయనే రాశారు. ఎద్దుకు అటుకుల రుచి తెలియదేమో గానీ, సొంతింటి రుచి తెలిసినట్టే ఉంది. టేలర్ గారు ఈ కథకు మసాలా బాగానే దట్టించారని తర్వాతి పరిశోధకులు పాత కాగితాలు తిరగేసి తేల్చారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది. మసాలా లేని ప్రెజెంటేషన్ ఎవరు చూస్తారు?

తర్వాత ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు గిల్‌బ్రెత్ గారు ఇటుక పేర్చడంలోని 18 కదలికలను ఐదుకు కుదించారు. కార్ల ఫోర్డు గారు ఫ్యాక్టరీలో మనిషిని ఒకేచోట నిలబెట్టి, తయారవుతున్న కారునే అతని ముందుకు నడిపించారు. ఆ పైన షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో గొప్ప ప్రయోగం. దీపాలు పెంచినా ఉత్పత్తి పెరిగింది, తగ్గించినా పెరిగిందని చెబుతారు. అప్పుడు ఐదుగురు అమ్మాయిలను వేరే గదిలో కూర్చోబెట్టి, వాళ్లు టెలిఫోన్ రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చులు, బిగిస్తుంటే ఏళ్ల తరబడి గమనించారు. ఉద్యోగికీ మనసుంటుందని, నాలుగు మంచి మాటలు మాట్లాడాలని లోకానికి తెలిసింది అక్కడే. అన్నట్టు, ప్రయోగం మొదలైన ఏడాదిలోపే ఆ ఐదుగురిలో ఇద్దరిని మార్చేశారు. మరీ ఎక్కువ మాట్లాడుతున్నారట.

మధ్యలో జరిగిన ఒక అపచారం చెప్పడం మరిచాను. 1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో అచ్చులు పోసే ఒక కార్మికుడు, నా పక్కన వాచీ పట్టుకుని నిలబడితే నేను చేయనన్నాడు. ఉద్యోగం ఊడింది. మిగతావాళ్లూ పని ఆపి బయటికొచ్చేశారు. గొడవ అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లి, కొన్నేళ్లకు అలాంటి కర్మాగారాల్లో స్టాప్‌వాచ్‌కు పైసా ఇవ్వకూడదని చట్టం వచ్చింది. పాపం, వాచీ పని అయిపోయిందనుకున్నారు.

2001 ఫిబ్రవరిలో యూటా మంచుకొండల్లో 17 మంది సాఫ్ట్‌వేర్ పెద్దలు కూడి, పద్ధతులూ పనిముట్ల కన్నా మనుషులే ముఖ్యమని 'ఎజైల్' పేరుతో ప్రకటించారు. హైదరాబాదులో నేను పనిచేసే ఆఫీసుకు వచ్చేసరికి ఆ ప్రకటన రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు నిలబడి చేసే మీటింగుగా, శుక్రవారం నింపే టైమ్‌షీట్‌గా అవతరించింది. ఓసారి ఒక బగ్‌కు పరిష్కారం నాకు బాత్రూములో తట్టింది. ఆ ఇరవై నిమిషాలు టైమ్‌షీట్‌లో ఏ కోడ్ కింద వేయాలని మా లీడ్‌ను అడిగాను. కుర్రాడు సీరియస్‌గా ఆలోచించి, 'ట్రైనింగ్ కింద వేసెయ్ అన్నా' అన్నాడు.

వాచీ ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు. ల్యాప్‌టాప్‌లో పేరు పక్కన పచ్చచుక్క ఉంది. మౌస్ ఐదు నిమిషాలు కదలకపోతే పసుపు రంగుకు తిరుగుతుంది. మా టీములో కొత్తగా చేరిన విజయనగరం కుర్రాడి చుక్క మాత్రం ఎప్పుడు చూసినా పచ్చగానే ఉంటుంది. మొన్న వాడి సీటు దగ్గరికి వెళ్తే మనిషి లేడు. మౌస్ కింద వాళ్ల తాతగారి పాత హెచ్ఎంటీ వాచీ ఉంది. దాని సెకన్ల ముల్లు తిరుగుతున్నకొద్దీ తెర మీద బాణం అటూ ఇటూ అదురుతోంది. కుర్రాడు కిటికీ దగ్గర ఫోన్లో ఉన్నాడు. ఊళ్లో ఇల్లు కట్టిస్తున్నాడట.

"సెంట్రింగుకే ఇన్ని రోజులైతే ఎలా మేస్త్రీ?" అంటున్నాడు.