‘రోగితో బంధుత్వం’ గడి గారికి, నర్సాపురం నుంచి

మహారాజశ్రీ ఆపరేషన్ ఒప్పుకోలు పత్రంలోని ‘రోగితో బంధుత్వం’ అనే గడి గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేం క్షేమం. మా ఆవిడకి అపెండిక్స్ తీసేశారు. తమరి క్షేమానికేం లోటు! జెరాక్సు మీద జెరాక్సు తీయించుకుని, ఉన్న నాలుగు చుక్కలూ చెరిగిపోయినా రాజ్యమేలుతున్నారు.

మంగళవారం మధ్యాహ్నం భీమవరంలో తమరి దర్శనం అయింది కదండీ. కౌంటరుకి గాజుగుడ్డ పీలికతో కట్టేసిన పెన్ను నా చేతిలో పెట్టి, "మీరేమవుతారమ్మా?" అంది నర్సమ్మ. తను స్ట్రెచరు మీద మెలికలు తిరుగుతూనే సంతకం చేసింది. అది చాలదట, చుట్టం సంతకం కావాలట. పాపం ఆ పిల్లే, "చెల్లెలని రాసేయండి, ఎవరు చూడొచ్చారు" అంది. పైనున్నాయన చూశాడు. రెండు ఆధార్లూ పక్కపక్కన పెట్టి ఇంటిపేర్లు కలవలేదన్నాడు. ఇక ఏళ్ళ తరబడి మా గుమ్మం తొక్కని వాళ్ళన్నయ్యకి ఫోను. ఆయన తణుకు నుంచి తీరిగ్గా కారు దిగి, చెల్లెలి మొహమైనా చూడకుండా తమరి మీద ‘అన్న’ అని గీకి, టీ ఎక్కడ బాగుంటుందో కనుక్కుని వెళ్ళిపోయాడు. తనకి పెన్సిలిన్ పడదని డాక్టరుకి చెప్పింది నేను. అప్పుడు మాత్రం నేనేమవుతానో ఎవరికీ అక్కర్లేకపోయింది.

అసలు తమరిది ఏ జిల్లా అండీ? మా వైపు వారు మాత్రం కారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే, వశిష్ఠ గోదారి దాటి ఇవతలి ఒడ్డుకి చేరేలోగా పక్కనున్నావిడ "ఎవరి తాలూకమ్మా?" అని మొదలెట్టి, "అయితే నాకు కోడలి వరసవుతావే!" అనే దాకా వచ్చేస్తుంది. పాలాయన బాబాయి, చేపలావిడ పిన్ని, ఇంటి ఓనరు మామ్మగారు. మా సంగతి మామ్మగారికి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. చేపల పులుసు పెట్టినప్పుడు మాత్రం మా ఇద్దరికీ ఒకటే గిన్నె పంపిస్తుంది. ఇన్ని వరసలు కలిపే చోట మాకు వరస దొరకనిది తమరొక్కరికే.

తమరి పైవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఆడా ఆడా, మగా మగా జంటైనా నేరం కాదని, 2018లో మేం నేరస్తులం కామన్నారు, సంతోషం. అలాంటి జంటల పెళ్ళికి చట్టం ఒప్పుకోవాలన్న కేసులో, 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని ఒక్క మాట మీద తేల్చారు. పెళ్ళనకపోయినా జంటగా గుర్తిద్దామన్న వాదం 3-2తో ఓడింది. చట్టం మార్చడం పార్లమెంటు పనట, మిగతాది కమిటీ చూస్తుందట. ఆ తీర్పు మళ్ళీ చూడండన్న రివ్యూ పిటిషన్లూ 2025 జనవరిలో కొట్టేశారు. ఇదంతా నగరాల్లో గొప్పోళ్ళ గోల అని కేంద్రం ఆ కోర్టుకి రాసిచ్చింది కూడా. లేసు అల్లుకుని బతికే మనుషులం, ఎప్పుడు గొప్పోళ్ళమయ్యామో మాకే తెలియలేదు.

ఇద్దరాడవాళ్ళు ఇష్టపడి కలిసుంటే కన్నవాళ్ళు అడ్డుపడకూడదని 2024 డిసెంబరులో మన హైకోర్టు చెప్పింది. బ్యాంకులో జాయింటు ఖాతా తెరుచుకోవచ్చని అదే ఏడాది ఆగస్టులో ఆర్థికశాఖ చెప్పింది. ఆ నెలలోనే ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి ఇంకో ఉత్తరం రాసింది. దగ్గరి చుట్టాలు ఎవరూ లేనప్పుడు మాలాంటివాళ్ళు శవాన్ని తీసుకెళ్ళే వీలుండాలట.

అంటే ఏమిటండీ? తను పోయి, వాళ్ళన్నయ్య అందుబాటులో లేకపోతే అప్పుడు నేను మనిషినవుతాను. బతికుండి, కడుపు పట్టుకుని అరుస్తుంటే మాత్రం దారిన పోయేదాన్ని. ఒళ్ళు మండదా? నీకసలు సిగ్గుందా? రక్తసంబంధం అని నువ్వు నెత్తిన పెట్టుకున్నాయన రాత్రి ఒక్క ఫోనైనా చేయలేదు. మత్తు దిగుతుంటే తను వాంతి చేసుకున్న బేసిను కడిగింది ఎవరు?

అన్నట్టు, బిల్లు కౌంటర్లో నువ్వు కనపడలేదేం? ఆ కాగితంలో ‘కట్టువారితో బంధుత్వం’ అని గడి లేదే! డబ్బు లెక్కపెట్టుకుని రసీదు చేతిలో పెట్టారు, నేనెవరని ఒక్కరూ అడగలేదు.

కుట్లు విప్పించడానికి వచ్చే వారం వస్తున్నాం. ఈసారి తణుకు ఫోను చేయను. కాగితం నా చేతికిస్తే ‘భార్య’ అని రాస్తాను. కొట్టేసుకుంటావో, చింపేసుకుంటావో నీ ఇష్టం.