పానిక్ పడితే ఫార్మాటేనా?

మా పర్లాకిమిడిలోనూ, ఏటి అవతల పాతపట్నంలోనూ కంప్యూటర్ రిపేర్లు చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. లినక్స్‌లో కెర్నెల్ పానిక్ పడిందంటే, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ ఇక ముందుకెళ్లలేక ఆగిపోయిందంటే, హార్డ్ డిస్క్ పోయినట్టేనట. లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) మిగలదు కాబట్టి వెతకడం దండగట. ‘టెయింటెడ్’ అని కనిపిస్తే వైరసట. ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించడమే మందట. ఫార్మాట్‌కి మనం తీసుకునే డబ్బుల ఊసు మాత్రం లేదు.

ముందు డిస్క్ సంగతి. మొన్న వానాకాలంలో పెళ్లి కార్డులు వేసే ఒకాయన సీపీయూ మోసుకొచ్చారు. తెలుగు, ఒడియా డిజైన్లన్నీ అందులోనే. ‘డిస్క్ పోయిందన్నారు బాబూ, ఫార్మాట్ చేస్తే నా డిజైన్లు ఏమైపోతాయి?’ అన్నారు. ఆన్ చేశాను. ‘కెర్నెల్ పానిక్, నాట్ సింకింగ్: అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ (0,0)’. సిస్టమ్ ఫైళ్లుండే రూట్ పార్టిషన్ ఎక్కడుందో కెర్నెల్‌కి దొరకలేదన్నమాట. డిస్క్ చచ్చిందని ఇందులో ఎక్కడా లేదు. ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుంటే సిస్టమ్ శుభ్రంగా లేచింది. చూస్తే బూట్ పార్టిషన్ 100 శాతం నిండిపోయింది. పాత కెర్నెళ్లు పేరుకుపోయి, అప్‌డేట్‌లో వచ్చిన కొత్తదానికి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (రూట్ పార్టిషన్‌ని అందుకోవడానికి బూట్‌లో ముందుగా ఎక్కే ఫైల్) రాయడానికి చోటు లేకపోయింది. రెండు పాతవి తీసేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారు చేయించాను. డిజైన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

‘నాట్ సింకింగ్’ అన్న మాటే డిస్క్ మీద అనుమానం పుట్టించిందేమో. తన మెమరీనే నమ్మలేని స్థితిలో, అందులో ఉన్నదాన్ని డిస్క్ మీద రాసి పాడుచేయనని కెర్నెల్ చెబుతున్న మాట అది.

లాగ్ మిగలదన్నది సగం నిజం. పానిక్ పడ్డాక చివరి వరుసలు డిస్క్‌కి చేరకపోవచ్చు. కానీ సిస్టమ్ లాగ్ అయిన జర్నల్‌ని డిస్క్ మీద దాచే సెట్టింగ్ ఉంటే, జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కి ‘మైనస్ కె’, ‘మైనస్ బి మైనస్ 1’ ఇస్తే కిందటి బూట్‌లో అంతకుముందు కెర్నెల్ గొణిగినదంతా వస్తుంది. పీస్టోర్ ఏర్పాటు ఉంటే ఆ చివరి మాటలు మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో దాక్కుని మళ్లీ బూట్ అయ్యాక బయటపడతాయి. కేడంప్ అనే ఏర్పాటు అయితే ముందే కొంత ర్యామ్ పక్కన పెట్టుకుని, అందులోంచి రెండో కెర్నెల్‌ని లేపి, పడిపోయినదాని మెమరీని ఫైల్‌గా దాస్తుంది. ఇవేవీ లేకపోతే, తెర మీద అక్షరాలు ఉన్నప్పుడే ఫోన్‌తో ఫొటో తీయండి.

టెయింటెడ్‌కీ వైరస్‌కీ చుట్టరికం లేదు. కెర్నెల్ తన మీద తానే వేసుకునే గుర్తు అది. పక్కన ‘పి’ ఉంటే సోర్స్ ఇవ్వని డ్రైవర్ ఎక్కిందని. ‘ఓ’ అంటే కెర్నెల్‌తో రాని, బయటి మాడ్యూల్. ‘ఎం’ ఉంటే మాత్రం ఆగి చూడండి, హార్డ్‌వేర్‌లో తప్పు జరిగిందని ప్రాసెసర్ చెప్పిందని అర్థం.

ఇక ఫార్మాట్. ప్రతిసారీ ఒకే ఫంక్షన్ (కోడ్‌లోని ఒకే ముక్క) దగ్గర పడిపోతే డ్రైవర్‌నో కెర్నెల్‌నో అనుమానించాలి. రోజుకో చోట, పొంతన లేకుండా పడుతుంటే ర్యామ్, వేడి, పవర్ సప్లై. ర్యామ్ పాడైతే పదిసార్లు ఎక్కించినా పదకొండోసారి పడుతుంది. రాత్రి షాపు మూసేముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి వెళ్తాను. ఎర్రర్లు కనిపిస్తే స్టిక్ తీసి, కాంటాక్టులు పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టి చూస్తాను. చాలాసార్లు అంతే.

డిస్క్ నిజంగా పోయే కేసులూ ఉంటాయి. అప్పుడు లాగ్‌లో ఐ/ఓ ఎర్రర్లు (చదవడంలో, రాయడంలో వచ్చే తప్పులు) వరస కడతాయి, డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టర్లు (చదవలేక అనుమానంలో పెట్టిన చోట్లు) పెరుగుతుంటాయి. అలాంటి డిస్క్‌లోంచి ముందు డేటా లాగి వేరే దాంట్లోకి ఎక్కించాలి. దాని మీదే ఫార్మాట్ కొడితే ఆ కార్డులాయనకి ఏం చెప్తారు?