ఆ మొదటి గంట ఎవరి చేతిలో ఉంది?

ఆగస్టు మొదటి వారం వస్తే హైదరాబాద్‌లో తల్లిపాల వారోత్సవాల బ్యానర్లు కడతారు. వేదికలెక్కినవాళ్లంతా పల్లె తల్లులకు అవగాహన లేదనే అంటారు. నాకు ఆ మాట మింగుడుపడదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చూడండి. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే. అయినా పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము అందుతున్నది సుమారు 37 శాతం పిల్లలకే. ఇళ్లలో మంత్రసానులు పురుళ్లు పోసే రోజులైతే నెపం ముసలమ్మల మీదికి నెట్టేవాళ్లం. ఇప్పుడు ఎవరినంటాం? అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం. వాటిలో ముహూర్తం చూసి కోయించుకున్నవీ ఉంటాయి, అది వేరే కథ.

తల్లికి లోపల కుట్లు వేస్తుంటారు. బిడ్డను గుడ్డలో చుట్టి వరండాలో అమ్మమ్మ చేతిలో పెడతారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. "దానికింకా పాలు పడలే" అంటారెవరో. అంతే, గేటు ఎదురుగా మందుల షాపు, డబ్బా పాలు. డబ్బా పాల ప్రకటనలను 1992 చట్టం నిషేధించింది గానీ, ఆ వరండాలో ప్రకటనతో పనేముంది? నిజానికి బిడ్డ చీకేకొద్దీ పాలు పడతాయి. వెన్నుకు మత్తిచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. నర్సు పక్కన నిలబడి పట్టిస్తే చాలావరకు ఆ గంటలోనే పని అయిపోతుంది. అయితే ఆ నర్సు చేతికింద ఎందరు బాలింతలున్నారన్నది ఏ సభలోనూ వినబడదు.

తేనె నాకించడం, ముర్రుపాలు పిండి పారబోయడం ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. అవి మానాలంటే చెప్పాల్సింది అత్తకు, అమ్మకు. బాలింత మాట ఆ ఇంట్లో ఎవరు వింటారు?

ఇక ఆరు నెలలు తల్లిపాలే పట్టాలన్న సలహా. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థల్లో. పత్తి ఏరే కూలీకి సంస్థ ఏది? కిలో లెక్కన కూలి. మూడో నెల బిడ్డను ముసలిదానికి అప్పగించి పొద్దుగూకేదాకా చేనులోనే. పాలమూరు నుంచి వచ్చి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే తల్లిదీ అదే గతి. 50 మందికి మించి ఆడకూలీలున్న చోట శిశు సంరక్షణ గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. మేస్త్రీ కింద పదిమంది, ఇంకో మేస్త్రీ కింద పదిహేనుమంది అని విడగొట్టి చూపిస్తే ఆ 50 ఎక్కడ తేలుతుంది?

సిజేరియన్లు ఎన్నని ఆస్పత్రులను అడుగుతున్న ప్రభుత్వం, గంటలోపు ఎందరు పిల్లలకు పాలు పట్టించారో కూడా అడగాలి. జవాబును ఆస్పత్రుల వారీగా బయటపెట్టాలి. బ్యానర్లు ఆ తర్వాత కట్టుకోవచ్చు.