చెమట ఆరకముందే కూలి అందుతోందా?

మా పదో తరగతి గ్రూపులో ఒకే మెసేజ్ ఈ వారం ఐదుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇది: గల్ఫ్‌లో వ్యాపారమంతా మతధర్మం ప్రకారమే నడుస్తుంది, వడ్డీ ఉండదు, ఉన్నవాళ్లు పేదలకు తప్పనిసరిగా ఇచ్చే జకాత్ వల్ల పేదలు లేరు, కూలివాడి వీసాను యజమాని చేతికి కట్టేసే కఫాలా ఎత్తేశారు, కూలివాడి చెమట ఆరకముందే జీతం చేతికొస్తుంది, జీతం రాలేదని తిరిగొచ్చేవాళ్లంతా పని ఎగ్గొట్టినవాళ్లే. భయం లేకుండా వెళ్లండి అని చివర ఒక ఏజెంట్ ఫోన్ నంబరు.

షార్జాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ అకౌంట్స్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. రెండుసార్లు చూసి ఊరుకున్నాను. ఐదోసారి ఊరుకోలేకపోయాను.

వడ్డీ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. దుబాయ్ ఇస్లామిక్ బ్యాంక్ 1975లోనే మొదలైంది, నిజమే. అలాంటి బ్యాంకులు వస్తువును తామే కొని, లాభం కలిపి, వాయిదాల మీద మనకు అమ్ముతాయి. మామూలు వడ్డీ బ్యాంకులు కూడా అదే వీధిలో ఉన్నాయి. మా కంపెనీ లోన్లన్నీ వాటిలోవే.

జకాత్ కూడా అంతే. సౌదీ యజమానులున్న కంపెనీల నుంచి అక్కడి ప్రభుత్వమే రెండున్నర శాతం వసూలు చేస్తుంది. మంచి పద్ధతి. కానీ జకాత్ పేదవాడి హక్కు, జీతం పనిచేసినవాడి హక్కు. ఒకటి కట్టామని రెండోది చెల్లిపోదు.

కఫాలా ఎత్తేశారా? ఖతర్ 2020లో చట్టం మార్చింది, పాత యజమాని ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) లేకుండానే ఉద్యోగం మారొచ్చంది. 2021 మార్చి నుంచి వెయ్యి రియాళ్ల కనీస వేతనం పెట్టింది. సౌదీ కూడా 2021 మార్చిలో కొంత సడలించింది. ఆ సడలింపులోకి ఇళ్లలో పనిచేసేవాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటపనివాళ్లు, గొర్రెల కాపరులు రాలేదు. మన జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లి ఎడారిలో ఒంటెలు, గొర్రెలు కాసేవాళ్లకు ఆ మెసేజ్ రాసినాయన ఏం జవాబు చెబుతాడు?

ఇక జీతం సంగతి. నాకు కోపం తెప్పించింది ఇదే. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసు (ప్రవక్త మాట) ఉంది. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ అది యజమానికి చెప్పిన మాట. వలస వెళ్లేవాడికి ఇచ్చిన గ్యారంటీ కాదు. అందరూ దాన్ని పాటిస్తుంటే యూఏఈ 2009లో జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలన్న నిబంధన ఎందుకు తెచ్చింది?

ఆ నిబంధన వచ్చాక నెలనెలా జీతాల ఫైల్ బ్యాంకుకు పంపింది నేనే. కాగితం మీద ఒక్క దిర్హం తేడా ఉండేది కాదు. ఒకరోజు సైట్ ఆఫీసుకు వెళితే ఫోర్‌మన్ బల్ల సొరుగులో నలభైకి పైగా ఏటీఎం కార్డులు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఒక్కో కార్డు వెనక తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద పెన్నుతో పిన్ నంబరు. సాయంత్రం ఆర్మూర్ కుర్రాడొకడు నన్ను పక్కకు పిలిచి ఫోన్ చూపించాడు. "అన్నా, ఫోన్ల 1,200 అని వచ్చింది, చేతికి 850 ఇచ్చిండు." మిగతాది వీసా ఖర్చు కింద కోత. అక్కడి చట్టం ప్రకారం వీసా ఖర్చు కంపెనీదే. ఆ ఫోర్‌మన్ ఎవరో కాదు, మన తెలుగువాడే. నేను మేనేజర్‌కు చెప్పాను. నీ ఫైల్ సరిగ్గా ఉందిగా అన్నాడు. అంతకుమించి గట్టిగా అడగలేకపోయాను. అది నా తప్పే.

ఆ కుర్రాడు రెండు నెలలకు క్యాంపు వదిలి వెళ్లిపోయాడు. కంపెనీ పరారీ కేసు పెట్టింది. ఊళ్లో అందరూ ఖల్లివెల్లి అయిండన్నారు, అంటే యజమానిని వదిలి కాగితాల్లేకుండా తిరుగుతున్నాడని. ఈ మెసేజ్ లెక్కలో అతను పని ఎగ్గొట్టినవాడు! 2016లో చమురు ధర పడిపోయి సౌదీలో పెద్ద కంపెనీలే జీతాలు ఆపేశాయి. క్యాంపుల్లో చిక్కుకున్న వేలమంది భారతీయులకు జెడ్డాలోని మన కాన్సులేట్ తిండి సరుకులు పంచాల్సి వచ్చింది. వాళ్లంతా ఏ పని ఎగ్గొట్టారు? నెలల తరబడి జీతం లేకుండా పనిచేసినవాణ్ని సోమరి అనడానికి నోరెలా వస్తుంది?

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. మా సైట్‌లో దాన్ని కచ్చితంగా పాటించారు, జరిమానా భయం అలాంటిది. తిరిగొచ్చాక హైదరాబాద్‌లో మే నెల ఒంటిగంట ఎండకు స్లాబు మీద కాంక్రీటు మోస్తున్న ఆడకూలీలను చూశాను. అందుకే గల్ఫ్ అంటేనే దుర్మార్గమని ఎదురు మెసేజ్‌లు పంపేవాళ్లతో కూడా నేను కలవను.

మతధర్మమే ఆధారం అనుకుంటే, ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్ (వాక్యం) రెండో సూరా (అధ్యాయం)లో 282వది. అప్పు వ్యవహారం కాగితం మీద రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అంటుంది. మన ప్రభుత్వ నిబంధన ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగలిగేది 30 వేలు, పైన జీఎస్టీ. అగ్రిమెంట్ విమానం ఎక్కకముందే చేతిలో ఉండాలి. ఈ రెండు ముక్కలూ ఆ మెసేజ్‌లో ఎక్కడా లేవు.

మెసేజ్ పెట్టిన ఐదుగురిలో ఒకడికి ఫోన్ చేశాను. వాళ్ల తమ్ముడు వచ్చే నెల సౌదీ వెళ్తున్నాడట. ఏజెంట్‌కు లక్షా నలభై వేలు ఇచ్చేశారు. అగ్రిమెంట్ ఏదిరా అని అడిగాను.

"అక్కడికి పోయినంక ఇస్తరంట" అన్నాడు.