ఒక మిల్లీమీటరు మీమాంస

ఎయిర్ రైఫిల్ గొట్టం లోపలి బెజ్జం నాలుగున్నర మిల్లీమీటర్లు ఉండాలా, అయిదున్నర ఉండాలా అన్నది చిన్న ప్రశ్న అనుకునేవారు ఈ వ్యాసం చదవనక్కరలేదు. వారికి రాత్రిళ్లు నిద్ర పడుతుంది కనుక పగలు చేసుకోవడానికి వేరే పనులు ఉంటాయి. మొదటిసారి ఒక శక్తిమంతమైన గాలి తుపాకి కొనాలనుకుని, క్యాలిబర్ (ఆ బెజ్జం కొలత) దగ్గర అడుగు ఆగిపోయి, నెలల తరబడి అక్కడే కూర్చుండిపోయిన జిజ్ఞాసువుల కోసం మాత్రమే నేనీ విచారణకు పూనుకుంటున్నాను.

ఈ శాస్త్రంలో ప్రధానంగా మూడు మతాలున్నాయి. పాయింట్ 177 వారు, అంటే 0.177 అంగుళం లేక 4.5 మిల్లీమీటర్ల వారు, వేగమే సత్యమనీ మిగిలినదంతా మిథ్య అనీ అంటారు. పాయింట్ 22 వారు, అనగా 5.5 మిల్లీమీటర్ల సంప్రదాయం వారు, బరువే సత్యమని, తేలిక పెల్లెట్ (గాలి తుపాకిలో వేసే చిన్న గుండు) గాలికి పోయే పేలపిండి వంటిదని వాదిస్తారు. ఈ రెండు పక్షాలనూ జాలిగా చూసి నవ్వే పాయింట్ 25 వారికి 6.35 మిల్లీమీటర్ల రంధ్రం తప్ప వేరే దైవం లేదు. నడుమ పాయింట్ 20 అనే అయిదు మిల్లీమీటర్ల శాఖ కూడా ఒకటి ఉంది గాని, దాని అనుయాయులు వాదాలకు రారు. తమ కొలత పెల్లెట్లు ఎక్కడ దొరుకుతాయో వెతుక్కోవడంతోనే వారి తపస్సు సరిపోతుంది. కొత్తవారు పొరబడకుండా ఒక్క మాట: ఈ పాయింట్ 22కూ, మందుతో పేలే పాయింట్ 22 తూటాకూ పేరులో తప్ప చుట్టరికం లేదు. ఆ తూటా శక్తి మనం మాట్లాడుకునే పెల్లెట్ శక్తికి కొన్ని రెట్లు.

నన్ను ఈ మీమాంసలోకి దింపినవారు నా మిత్రులొకరు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు వ్యాఖ్యానం రాయదలచినవారు వారిని చూస్తే చాలు. చేతిలో రైఫిల్ లేదు. కాని ఏ రైఫిల్‌కు ఏ పెల్లెట్, ఏ పెల్లెట్‌కు ఎంత వేగం, ఎంత దూరంలో ఎంత దిగుదల అన్న పట్టికలు మాత్రం ఆయన కంప్యూటరులో పదకొండు నెలలుగా పెరుగుతూ వస్తున్నాయి. నేను కొన్నేళ్లుగా కాగితాలకు చిల్లులు పొడుస్తున్నవాణ్ని కాబట్టి, ఒక ఆదివారం ఆ పట్టికలతో సహా దిగి, "మీరే తేల్చాలండీ, ఏది శ్రేష్ఠం?" అన్నారు. ఎవరిని అడిగినా తాము కొన్నదే శ్రేష్ఠమని చెప్పే లోకంలో నన్ను నిష్పాక్షికుడిగా ఆయన ఎలా ఎంచుకున్నారో తెలియదు. నా దగ్గర ఉన్నది 4.5.

శాస్త్రార్థం మొదలుపెట్టాం. వేగవాదుల వాదానికి మూలం చట్టం శక్తికి హద్దు పెట్టిన తుపాకులలో ఉంది. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిజ శక్తి అని బడిలో చదువుకుని, పరీక్ష రాసి, మరిచిపోయిన సూత్రమే ఇక్కడ వేదవాక్యం. శక్తి 16 జౌళ్ల దగ్గర ఆగిపోయే తుపాకిలో 0.54 గ్రాముల 4.5 పెల్లెట్ సెకనుకు దాదాపు 243 మీటర్ల వేగంతో బయలుదేరితే, 1.04 గ్రాముల 5.5 పెల్లెట్ 175 మీటర్లతో సరిపెట్టుకుంటుంది. ముప్పై మీటర్లు వెళ్లేలోగా మొదటిది సుమారు తొమ్మిది సెంటీమీటర్లు కిందికి జారితే, రెండవది పదహారు దాకా జారుతుంది. గురి పెట్టేవాడు దూరాన్ని అయిదు మీటర్లు తప్పుగా అంచనా వేసినా చిన్న పెల్లెట్ ఆ తప్పును చాలావరకు కడుపులో పెట్టుకుంటుంది. పెద్ద పెల్లెట్ పెట్టుకోదు. ఇంతవరకు 177 వారి మాట అక్షరాలా నిజం.

అయితే నా మిత్రులు కొనదలచినది హద్దులో ఉండే తుపాకి కాదు. శక్తిమంతమైనది. వేగవాదం కాలు జారేది సరిగ్గా ఇక్కడే. సీసపు పెల్లెట్‌ను ఎంత వేగంగా తోస్తే అంత మంచిదన్నది అమ్మేవాడి మాటే గాని పెల్లెట్ మాట కాదు. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఆ గడప దగ్గరికి వచ్చేసరికి పెల్లెట్ తొట్రుపడుతుంది, దాటితే కొరడా ఝళిపించినట్టు చప్పుడు చేసి, ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. అందుకే ఏ క్యాలిబర్ వారైనా చివరకు 250, 290 మీటర్ల నడుమ ఎక్కడో స్థిరపడతారు. ఇప్పుడు మూడింటినీ ఒకే వేగానికి, 270కి, తెచ్చి చూడండి. 0.67 గ్రాముల 4.5 పెల్లెట్ మోసుకుపోయేది 24 జౌళ్లు, 1.17 గ్రాముల 5.5 పెల్లెట్ 43, 2.2 గ్రాముల 6.35 పెల్లెట్ 80. వేగం ఒకటే అయినప్పుడు దారి వంపు కూడా దాదాపు ఒకటే. పైగా బరువైనది తన వేగాన్ని అంత తొందరగా వదులుకోదు, పక్కగాలికి అంతగా లొంగదు. అంటే తుపాకి బలం పెరిగే కొద్దీ 177 వారి వేదం వారి చేతిలోనే కరిగిపోతుంది. ఈ మాట చెప్పినప్పుడు నా గొంతు కొంచెం వణికింది. స్వమతాన్ని ఖండించుకోవడం తేలిక కాదు.

గొట్టం పక్షం కూడా ఇదే. 4.5 బెజ్జం వైశాల్యంతో పోలిస్తే 5.5 బెజ్జం వైశాల్యం ఒకటిన్నర రెట్లు, 6.35 వైశాల్యం రెండు రెట్లు. అదే పీడనంలో ఉన్న గాలి పెద్ద పెల్లెట్ వీపును అన్ని రెట్ల బలంతో తోస్తుంది. కనుక బలమైన తుపాకికి సన్న గొట్టం పెట్టడమంటే ఏనుగును దొడ్డి తలుపులోంచి తోలడం.

ఇది విని 25 వారు చప్పట్లు కొట్టవచ్చు. వారిని కాసేపు పంపు దగ్గరికి రమ్మంటాను. ముందే గాలి నింపుకునే తుపాకి సిలిండరులో ఉండేది 200 నుంచి 300 బార్ల పీడనం. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త పైన. చేతిపంపుతో మొదటి వంద బార్లు వ్యాయామం, తర్వాతివి పశ్చాత్తాపం. చివరి దెబ్బలకు చేతుల బలం చాలదు, మోకాళ్లు మడిచి ఒంటి బరువంతా పిడి మీద వేయవలసి వస్తుంది. 18వ శతాబ్దం చివర ఆస్ట్రియా సైన్యం వాడిన జిరార్డోని గాలి తుపాకి బెజ్జం పదకొండున్నర మిల్లీమీటర్ల పైమాటే. దాని గాలి బుడ్డి నింపడానికి సుమారు 1500 సార్లు పంపు కొట్టవలసి వచ్చేదట. క్యాలిబర్ పెంచమని సలహా ఇచ్చే పెద్దలు ఆ సైనికుడి నడుమును తలచుకోవాలి. పెద్ద పెల్లెట్ ఎక్కువ గాలి తాగుతుంది, ఒక్క నింపుకు తక్కువ సార్లు పేలుతుంది. పంపు కొట్టి గుండె దడదడలాడుతున్నవాడు వెంటనే బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టి కదలకుండా గురి పెట్టాలన్నది ఈ క్రీడలోని హాస్యం. (ఆ పంపులో తుప్పు పట్టకుండా ఉంటుందని మామూలు నూనె చుక్క వేయకండి. అంత పీడనంలో నూనె ఆవిరి అంటుకుంటుంది. ఇందులో మాత్రం వ్యంగ్యం లేదు.)

పంపు బాధ లేకుండా స్ప్రింగు తుపాకి కొంటానని అనేవారున్నారు. గొట్టం విరిచి బిగించే ఆ తుపాకులలో బలమైనవి బిగించడానికే ఒక మనిషి కావాలి. పేల్చినప్పుడు లోపలి పిస్టన్ ముందుకు దూకగానే తుపాకి వెనక్కి తన్నుతుంది, పిస్టన్ కొసకు తగిలి ఆగగానే ముందుకు తన్నుతుంది; పెల్లెట్ ఇంకా గొట్టం దాటకముందే ఇదంతా జరిగిపోతుంది. పెట్టె మీద అచ్చువేసిన వేగం సాధారణంగా సీసంతో కాక, తేలికపాటి మిశ్రమలోహపు పెల్లెట్‌తో సాధించినది. దాన్ని నమ్మి మొదటి తుపాకిగా దీన్ని కొనడం, ఈత నేర్చుకోవడానికి వరదను ఎంచుకోవడం. ఇక దీనికి 25 గొట్టం తగిలిస్తే పెల్లెట్ నింపాదిగా, దారిలో అందరినీ పలకరించుకుంటూ వెళుతుంది.

ప్రభుత్వాలు సైతం ఈ మీమాంసలో తలదూర్చాయి. జర్మనీ 7.5 జౌళ్ల దగ్గర గీత గీసింది, ఇంగ్లండ్ 12 అడుగు-పౌండ్ల దగ్గర, అంటే 16 జౌళ్లకు కొంచెం పైన. భారతదేశపు 2016 నాటి ఆయుధ నియమాలు శక్తికి 20 జౌళ్ల హద్దుతో పాటు బెజ్జానికి కూడా 0.177 అంగుళాల హద్దు పెట్టాయి. ఏది దాటినా లైసెన్సు కావాలి. పట్టికలు వేసేవారు మొదటి గడిలోనే ఈ అంకె వేసుకుంటే మిగతా గడులు చాలావరకు వాటంతట అవే నిండిపోతాయి. నా మిత్రుల పట్టికలలో గాలి తేమకు గడి ఉంది, సముద్రమట్టం నుంచి ఎత్తుకు గడి ఉంది, చట్టానికి లేదు. చెప్పగానే నొచ్చుకుని, ఆ సాయంత్రమే లైసెన్సు సంగతికి ఒక కొత్త పట్టిక తెరిచారు.

వాదం ఎంతకీ తెగకపోవడంతో ప్రత్యక్ష ప్రమాణానికి వెళ్లాం. మా క్లబ్బు మైదానంలో ఇరవై అయిదు మీటర్ల దూరం, వెనక మట్టికట్ట, బల్ల మీద నా 4.5, మరొక సభ్యుడు ఎరువిచ్చిన 5.5. ముందుగా నా మిత్రుల అరచేతిలో ఒక్కో పెల్లెట్ పెట్టాను. గుండ్రని తల, పీల్చుకుపోయిన నడుము, కింద పావడా అంచులా విచ్చుకున్న పలుచని సీసం. ఆ అంచే గాలి ఒత్తిడికి విప్పారి గొట్టం లోపలి మెలికల గాడులను పట్టుకుంటుంది. అది నొక్కుకుపోతే ఏ క్యాలిబరూ కాపాడలేదు. ఆయన వేళ్లు లావు. 4.5 పెల్లెట్ మూడుసార్లు గడ్డిలో పడింది, నాలుగోసారి పావడా సొట్టపడి లోపలికి వెళ్లింది. 5.5 మాత్రం బుద్ధిగా కూర్చుంది. పదకొండు నెలల పట్టికలలో వేళ్ల లావుకు గడి లేదు.

ఒక్కో తుపాకితో ఒక్కో అట్ట మీద అయిదేసి సార్లు పేల్చారు. స్కోపులోని అడ్డగీతలు నల్లచుక్క చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాయని ఆయనే ఒప్పుకున్నారు. ట్రిగ్గర్‌ను నొక్కడం కాక లాగుతున్నారని నేను చూస్తూనే ఉన్నాను. అట్టలు తెచ్చి, జేబులోంచి వెర్నియర్ కాలిపర్స్ తీసి, బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచారు. 4.5 అట్ట మీద 71 మిల్లీమీటర్లు. 5.5 అట్ట మీద 72. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, సరిగ్గా ఒక్క మిల్లీమీటరు! చిన్నదే నిక్కచ్చి" అన్నారు. అంచు నుంచి అంచుకు కొలిచినప్పుడు పెల్లెట్ మందాన్ని తీసివేయాలండీ అని మెల్లగా గుర్తుచేశాను. 71లోంచి నాలుగున్నర తీసేస్తే అరవై ఆరున్నర. 72లోంచి అయిదున్నర తీసేస్తే అరవై ఆరున్నర. ఆయన రెండుసార్లు లెక్క వేసి, కాలిపర్స్ సున్నా సరిచూసి, చాలాసేపు మట్టికట్ట వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని నేను అనలేదు. అనవలసినవాడు గతంలో అదే నేరం చేసి ఉండకూడదు కదా. నేనూ ఒక ఏడాదంతా నా తప్పులకు గాలిని, స్కోపును, పెల్లెట్ డబ్బాను వరసగా నిందించినవాణ్నే. ఒలింపిక్స్‌లో 1984 నుంచి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ ఉంది. అందులో పదో వలయం అరమిల్లీమీటరు వ్యాసం గల చుక్క. ఆ పోటీలో అందరిదీ 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్టే. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినదీ దానితోనే. క్యాలిబర్ మీద వాదించే అవకాశమే లేకపోవడం వల్ల పాపం వారంతా నిలబడటం, ఊపిరి తీసుకోవడం, ట్రిగ్గర్ మీద వేలు పెట్టడం వంటి అల్పవిషయాలు నేర్చుకోవలసి వచ్చింది.

అడిగారు కనుక తీర్పు చెప్పాను. చట్టం ఒప్పుకుని, లైసెన్సు చేతికొచ్చి, తుపాకి నిజంగానే బలమైనదైతే 5.5 తీసుకోండి: పెల్లెట్ రకాలు విరివిగా దొరుకుతాయి, గాలి మరీ ఎక్కువ తాగదు, మీ వేళ్లకు అందుతుంది. హద్దులోని తుపాకితో అట్టలకే చిల్లులు పెట్టేవారికి 4.5 చాలు. 6.35 జోలికి గాలి నింపే యంత్రం కొన్నాక వెళ్లవచ్చు. అంతకు ముందే వెళితే అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, అదీ చేతిపంపుతో నింపవలసిన బ్రహ్మాస్త్రం. ఆయన అంతా రాసుకున్నారు. మరి ఎనిమిది నెలలకు, కాగితాలన్నీ పూర్తయ్యాక, 5.5 కొన్నారు.

నిన్న రాత్రి ఫోన్ వచ్చింది. గొంతులో పాత ఆందోళన.

"పెల్లెట్ల డబ్బాల మీద తల కొలత వేరే రాశారండీ. 5.50 ఒకటి, 5.51 ఒకటి, 5.52 ఒకటి. ఏది తీసుకోమంటారు?"

"ఏదో ఒక డబ్బా తెచ్చి పేల్చి చూడకపోయారా?"

"కొలత తేలకుండా ఎలా పేలుస్తామండీ?" అన్నారు ఆయన. పట్టిక ఇప్పటికే మొదలైందట.