స్టార్‌కి మినహాయింపు, పనిమనిషికి సర్టిఫికెట్

2021 ఆగస్టులో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన ఒక కాగితం అంటించారు. "పనివారు, డ్రైవర్లు, వాచ్‌మన్ కుటుంబ సభ్యులు వ్యాక్సిన్ సర్టిఫికెట్ చూపించిన తర్వాతే లిఫ్ట్ వాడవలెను" అని, కింద అసోసియేషన్ స్టాంపు. విశాఖ సీతమ్మధారలో ఐదంతస్తుల బిల్డింగ్ మాది. మేముండేది నాలుగో అంతస్తులో. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకి యాభై దాటి ఉంటాయి. మర్నాడు మెట్లన్నీ ఎక్కి వచ్చి, గుమ్మం దగ్గరే కూలబడి, చెంగుతో మెడ తుడుచుకుంటూ అంది: "సూదంటే నాకు బయ్యం నేదు బాబూ. ఏసుకున్నోలకి రెండ్రోజులు జొరమొత్తందట. ఆ రెండ్రోజుల డబ్బులు ఎవులిత్తారు?"

అదే సమయానికి కింద సెల్లార్‌లో షటిల్ ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆడుతున్నవాళ్లలో ఒక రిటైర్డ్ ఆఫీసరుగారు అప్పటికి ఒక్క డోసు కూడా వేయించుకోలేదు. ఆ సంగతి ఆయన దాచిపెట్టిందీ లేదు. వాకింగ్‌లో ఎదురైనవాళ్లందరికీ తన ఇమ్యూనిటీ గురించి, పొద్దున్నే తాగే కషాయం గురించి చెప్పేవారు. ఆయన్ని సర్టిఫికెట్ అడిగే ధైర్యం అసోసియేషన్‌లో ఎవరికీ లేకపోయింది. అసోసియేషన్ మీటింగ్‌లో నేనూ ఉన్నాను. నేనూ అడగలేదు.

ప్రొఫెషనల్ క్రీడాకారులకు వ్యాక్సిన్ తప్పనిసరి చేయడం న్యాయమా, అన్యాయమా అన్న వాదన మళ్లీ ఎక్కడ మొదలైనా నాకు ఆ లిఫ్టే గుర్తొస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మహమ్మారి కాలంలో ప్రభుత్వం రూలు పెట్టడం తప్పు కాదు. అది ఆటో డ్రైవర్‌కి వర్తించినట్టే టెన్నిస్ ఛాంపియన్‌కీ వర్తించాలి. అయితే వ్యాక్సిన్ వద్దన్న ఆటగాడి మీద నాకు పెద్దగా కోపం లేదు. అతని కోసం దొడ్డిదారి తలుపు తీసినవాళ్ల మీదే నా కోపమంతా.

సెర్బియా టెన్నిస్ ఛాంపియన్ జొకోవిచ్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వ్యాక్సిన్ వేయించుకోకుండానే, ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడడానికి 2022 జనవరి 5న మెల్‌బోర్న్‌లో దిగాడు. అంతకుముందే కోవిడ్ వచ్చి తగ్గిందన్న కారణంతో టోర్నీ నిర్వాహకులు ఇచ్చిన వైద్య మినహాయింపు చేతిలో ఉంది. బోర్డర్ అధికారులు అది చెల్లదని వీసా రద్దు చేశారు. 10న జడ్జి ఆ రద్దును కొట్టేశారు. 14న ఇమిగ్రేషన్ మంత్రి అలెక్స్ హాక్ తన విశేషాధికారంతో మళ్లీ రద్దు చేశారు. 16న ముగ్గురు జడ్జిల ఫెడరల్ కోర్టు మంత్రి నిర్ణయాన్నే సమర్థించింది. ఆ రాత్రే విమానం ఎక్కించారు. మొత్తం మీద 260 రోజులకు పైగా లాక్‌డౌన్‌లో మగ్గిన ఊరు మెల్‌బోర్న్. బంధువుల అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయిన జనం ఉన్న ఊరు. అక్కడ ఒక ఆటగాడికి ప్రత్యేక కాగితం పుట్టిందంటే వాళ్లకి ఒళ్లు మండదా?

అందరూ మర్చిపోయిన పేరు ఇంకొకటుంది. రెనాటా వొరాచోవా. చెక్ దేశపు డబుల్స్ క్రీడాకారిణి, అప్పటికి ఆమెకు 38 ఏళ్లు. జొకోవిచ్‌కి ఇచ్చినలాంటి మినహాయింపుతోనే అతనికంటే ముందే దేశంలోకి వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఒక సన్నాహక టోర్నీలో మ్యాచ్ కూడా ఆడేసింది. జొకోవిచ్ గొడవ రచ్చకెక్కాక అధికారులు వెనక్కి వెళ్లి ఆమెను వెతికి పట్టుకున్నారు, వీసా రద్దు చేశారు, అతన్ని పెట్టిన హోటల్‌లోనే పెట్టారు. ఆమె లాయర్ల సైన్యాన్ని దింపలేదు. సామాను సర్దుకుని వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి నిర్బంధంలో మగ్గుతూ అప్పుడు ఆ హోటల్‌లోనే ఉన్న శరణార్థుల సంగతి కూడా ప్రపంచానికి తెలిసింది జొకోవిచ్ పుణ్యమానే. అతను కొద్దిరోజులే ఉన్నాడు. వాళ్లు ఏళ్లుగా నిర్బంధంలో ఉన్నారు.

ఇంకో విచిత్రం ఉంది. మంత్రి రెండోసారి వీసా రద్దు చేసినప్పుడు రాసిన కారణం ఏమిటంటే, ఇతను ఇక్కడ ఉంటే వ్యాక్సిన్ వ్యతిరేకులకు ఊపు రావచ్చని. అతని వల్ల వైరస్ వ్యాపిస్తుందని కాదు. అంటే పేరున్నవాడు కాబట్టి ముందు మినహాయింపు కాగితం ఇచ్చారు, పేరున్నవాడు కాబట్టే తర్వాత బయటికి పంపారు. రెండింటిలోనూ రూలు మాత్రం ఎక్కడా లేదు. ఇలా దేశం నుంచి పంపేస్తే మామూలుగా మూడేళ్లు వీసా ఇవ్వరు. ప్రభుత్వం మారింది, ఆ మూడేళ్లు మాఫీ అయ్యాయి, 2023 జనవరిలో వచ్చి కప్పు ఎత్తుకెళ్లాడు. అదే వీసా రద్దు మన గాజువాక కుర్రాడి పాస్‌పోర్ట్ మీద పడి ఉంటే ఏమయ్యేదో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఒక మాట జొకోవిచ్ వైపు నుంచి కూడా చెప్పాలి. తర్వాత ఇంటర్వ్యూలో, టోర్నీలు పోయినా ఆ ధర చెల్లించడానికి సిద్ధమే అన్నాడు. చెల్లించాడు కూడా. 2022లో యూఎస్ ఓపెన్ ఆడలేదు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు వ్యాక్సిన్ వేసుకుని ఉండాలన్న నిబంధనను అమెరికా ఎత్తేసింది 2023 మేలో. అంతదాకా అక్కడి పెద్ద టోర్నీలన్నీ వదులుకున్నాడు. అతని సైన్స్ తప్పని నా నమ్మకం. కానీ తన నమ్మకానికి తానే ఖరీదు కట్టుకున్నవాడిని తిట్టడానికి నాకు నోరు రాదు.

న్యూయార్క్ వాళ్లని మాత్రం వదలను. బాస్కెట్‌బాల్ ఆటగాడు కైరీ ఇర్వింగ్ వ్యాక్సిన్ వేయించుకోలేదు. ఆ నగరంలో పనిచేసేవాళ్లకి అది తప్పనిసరి. అందుకని తన టీం బ్రూక్లిన్ నెట్స్ సొంత ఊళ్లో ఆడే మ్యాచ్‌లకు అతను దిగడానికి లేదు. బయటి ఊరి నుంచి వచ్చిన టీంలో వ్యాక్సిన్ వేసుకోనివాడు ఉంటే మాత్రం అదే కోర్టులో నిక్షేపంగా ఆడొచ్చు. 2022 మార్చి నాటికి ప్రేక్షకులకు సర్టిఫికెట్ నిబంధన తీసేశారు. దాంతో ఇర్వింగ్ మామూలు ప్రేక్షకుడిలా వచ్చి మాస్కు కూడా లేకుండా కోర్టు పక్కన కూర్చున్నాడు. లాకర్ రూమ్‌లోకి వెళ్లినందుకు టీంకి 50 వేల డాలర్ల ఫైన్ పడింది. వైరస్‌కి గ్యాలరీ ఏదో కోర్టు ఏదో తెలుసన్నమాట!

ఇలాంటి తిక్క రూలును మేయర్ ఎరిక్ ఆడమ్స్ ఎలా సరిచేశారు? అందరికీ ఎత్తేశారా? లేదు. మార్చి 24న క్రీడాకారులకు, కళాకారులకు మాత్రమే మినహాయింపు ఇచ్చారు. మూడు రోజుల తర్వాత ఇర్వింగ్ సొంత కోర్టులో దిగాడు. అంతకు నెలన్నర ముందు, ఫిబ్రవరిలో, వ్యాక్సిన్ వేయించుకోలేదని అదే నగరం దాదాపు 1,430 మంది తన ఉద్యోగులను పీకేసింది. వాళ్లకి బాస్కెట్‌బాల్ రాదు, అదొక్కటే వాళ్లు చేసిన నేరం. మరుసటి ఏడాది నగర ఉద్యోగులకు ఆ నిబంధనే రద్దయింది. పోయిన ఉద్యోగాలు మాత్రం వాటంతటవి తిరిగి రాలేదు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. సరిగ్గా ఆ మార్చి 24నే వ్యాక్సిన్ రూలు చచ్చిపోయిందని నేనంటాను. వ్యాక్సిన్ మీద లక్ష అబద్ధాలు ప్రచారం చేసినవాడు కూడా అంత నష్టం చేసి ఉండడు. ఇది ఆరోగ్యం కోసం పెట్టిన రూలు కాదు, నోరు లేనివాళ్ల కోసం పెట్టిన రూలు అని మేయరే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టయింది.

అవతలి వాదన కూడా ఉంది. క్రీడాకారులు పాతికేళ్ల ఆరోగ్యవంతులు, వాళ్లకి ముప్పు తక్కువ. ఒమిక్రాన్ వచ్చాక రెండు డోసులు వేసుకున్నవాళ్లకీ సోకింది కాబట్టి, ఇతరుల కోసం వేయించుకో అన్న మాటకి బలం తగ్గింది. శరీరం ఎవరిది వాళ్లదే. ఇవేవీ కొట్టిపారేసే మాటలు కావు. మన సుప్రీంకోర్టు కూడా జాకబ్ పులియెల్ కేసులో 2022 మే 2న, బలవంతంగా ఎవరికీ వ్యాక్సిన్ వేయరాదని చెప్పింది. ప్రజారోగ్యం కోసం ఆంక్షలు పెట్టవచ్చు గానీ అవి పరిస్థితికి తగినట్టు ఉండాలని, అప్పటి ఆంక్షలు అలా లేవు కాబట్టి సమీక్షించుకోవాలని అంది. గమనించండి, సమీక్షించమన్నది అందరి కోసం. పేరున్నవాళ్లని వదిలేయమని కోర్టు అనలేదు. రూలు అరిగిపోతే పొద్దున అందరికీ ఎత్తేయండి, నాకేం అభ్యంతరం లేదు.

మినహాయింపు అడగడానికి నిజంగా హక్కున్నవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. 2021 వేసవిలో అమెరికా చదువులకు సూట్‌కేసులు సర్దుకున్న తెలుగు పిల్లలు. చాలామంది కోవాగ్జిన్ వేయించుకుని ఉన్నారు. హైదరాబాద్‌లో తయారైంది, మన ప్రభుత్వం ఆమోదించింది, మన డాక్టర్లు వేశారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో అది చేరింది ఆ ఏడాది నవంబరు 3న. అంతవరకూ అక్కడి యూనివర్సిటీలు చాలావాటికి ఆ సర్టిఫికెట్ చిత్తు కాగితం. వచ్చాక మళ్లీ మొదటి నుంచి వేయించుకోమన్నాయి. రెండు రకాల వ్యాక్సిన్లు ఒకే ఒంట్లో కలిస్తే ఏమవుతుందోనని తల్లిదండ్రులు పడిన టెన్షన్ నేను చూశాను. ఎంవీపీ కాలనీలో మా బంధువుల అబ్బాయి ఒకడు ఐ-20 అనే అమెరికా అడ్మిషన్ పత్రం, వీసా కాగితాలు, రెండు డోసుల సర్టిఫికెట్ ఒకే ఫైల్‌లో పెట్టుకుని వెళ్లి, అక్కడ దిగిన వారానికే మళ్లీ చెయ్యి చాపాడు. వాడి కోసం ఏ కమిటీ కూర్చోలేదు, ఏ మంత్రీ ఫైల్ తెరవలేదు.

ఇక మన దగ్గర ఆటకే మినహాయింపు ఇచ్చిన రోజులున్నాయి. 2021 ఏప్రిల్ 22. మన స్టీల్‌ప్లాంట్‌లో ఏడు ట్యాంకర్లలో ప్రాణవాయువు నింపి, దేశంలోనే మొట్టమొదటి లోడైన ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్‌ను మహారాష్ట్రకు పంపారు. ఊపిరాడని జనం కోసం ఈ ఊరి నుంచి రైలు కదిలిన అదే రోజు రాత్రి, అదే మహారాష్ట్రలో, ముంబై వాంఖడేలో ఫ్లడ్‌లైట్ల కింద ఐపీఎల్ మ్యాచ్ జరిగింది. బెంగళూరు టీం ఆటగాడు పడిక్కల్ సెంచరీ కొట్టాడు. బాగా ఆడాడు, అతని తప్పేం లేదు. కానీ ఊరంతా ఆంక్షల్లో ఉంటే లీగ్‌కి మాత్రం, ఆటగాళ్లని బయటివాళ్లకి దూరంగా ఉంచుతామంటూ, బబుల్ అనే ముద్దుపేరుతో దారి వదిలారు. మే 4న ఆ బబుల్ పగిలి టోర్నీ ఆగేదాకా ఎవరికీ సిగ్గనిపించలేదు. అప్పట్లో జాతీయ పోటీలకు వెళ్లాలనుకున్న మామూలు పిల్లలకు మాత్రం ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు లేకపోతే గేటు తెరిచేవాళ్లు కాదు.

ఇంత దూరం వచ్చాక, ఇది అసలు వ్యాక్సిన్ గొడవేనా అన్న అనుమానం నాకే వస్తోంది. విశాఖలో ఉన్నవాడికి 2020 మే 7 మర్చిపోవడం కుదరదు. లాక్‌డౌన్‌లో పాల ప్యాకెట్‌కి బయటికొచ్చినవాడిని లాఠీతో తరిమిన రోజులవి. ఆ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడింది. పన్నెండు మంది పోయారు. రోడ్డు మీద పరిగెత్తుతూ పడిపోయినవాళ్ల వీడియోలు మనమంతా చూశాం. తన ఉత్పత్తికి తగిన, చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని ఆ కంపెనీ 2019లోనే అఫిడవిట్‌లో తానే రాసిచ్చింది. రాసిచ్చాక కూడా ఫ్యాక్టరీ నడిచింది. మాస్కు లేదని మనిషికి ఫైన్ వేసిన రాజ్యమే అనుమతి లేని ట్యాంకుని చూసీ చూడనట్టు ఊరుకుంది. అలాంటి మినహాయింపుకి జీవో ఉండదు, మేయర్ సంతకం ఉండదు. పెద్దవాళ్ల జోలికి ఎందుకులే అన్న ఒక్క ఆలోచన చాలు. మా అసోసియేషన్ మీటింగ్‌లో నన్ను నోరు మూయించింది కూడా అదే.

అందుకే ఇంకో మహమ్మారి వచ్చి మళ్లీ రూల్స్ రాసే రోజుకి నేను రెండే అడుగుతాను. ఎవరికి మినహాయింపు ఇచ్చారో, ఏ కారణంతో ఇచ్చారో ఆ జాబితా అందరికీ కనిపించేలా పెట్టాలి. స్టార్ ఆటగాడి వైద్య వివరాలు అక్కర్లేదు, ఏ నిబంధన కింద ఇచ్చారో చాలు. రెండోది, సూది వేయించుకున్నాక జ్వరం వస్తే ఆ రోజుల కూలి ఎవరు ఇస్తారో అదే ఉత్తర్వులో రాయాలి. ఇర్వింగ్ లాంటివాడికి ఆ సీజన్‌లో పోయిన డబ్బు చూసి జాలిపడ్డ వ్యాసాలు బోలెడు చదివాను. రెండు రోజుల పనిమనిషి జీతం గురించి ఒక్కటీ చదవలేదు.

మా పనిమనిషి చివరికి సెప్టెంబరులో సచివాలయం దగ్గర క్యాంపులో వేయించుకుంది. రెండు రోజులు కాదు, మూడు రోజులు జ్వరం. చేసే నాలుగిళ్లలో రెండిళ్లవాళ్లు డబ్బు కోశారు. నాలుగో రోజున సర్టిఫికెట్ ప్రింటు తీయించి, లామినేషన్ కూడా చేయించుకుని, చీర కొంగులో చుట్టుకుని తెచ్చింది. నలభై రూపాయలయ్యాయట. అప్పటికి లిఫ్ట్ దగ్గర అడగడం మానేశారు.