కొత్త సూది ఒక్కటే చాలదు

వారంలో నాలుగు గ్రూపుల్లో వచ్చింది ఈ మెసేజ్. పంపేది మహబూబ్‌నగర్‌లో నాతో చదువుకున్నవాళ్లే. "టాటూకు భయపడకండి. లైసెన్స్ ఉన్న షాపు, కొత్త సూది ఉంటే ఏ రోగమూ రాదు. ఎయిడ్స్ భయం ఉత్తిదే. కాకపోతే ఆర్మీలో తీసుకోరు, జన్మలో రక్తం ఇవ్వకూడదు."

ఆర్మీ సంగతి నోటిఫికేషన్‌లోనే ఉంటుంది: ముంజేయి లోపలి వైపు, అరచేతి వెనుక టాటూ ఉంటే ఒప్పుకుంటారు. రక్తదానానికి 12 నెలలు ఆగితే చాలు.

లైసెన్స్ అంటారా, మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్ బట్టల షాపుకూ అదే, టాటూ షాపుకూ అదే. గోడకు అది కనబడగానే సూదులూ రంగులూ ఎవరో చూసిపోయారని నమ్మితే ఎట్లా?

నాకు నిజంగా కోపం తెప్పించింది "కొత్త సూది ఉంటే చాలు" అన్న మాట. సూది కొత్తదే, సరే. అది ముంచే రంగు కప్పు ఎవరిది? ముందు వచ్చినవాడికి వాడగా మిగిలిన రంగే మీకూ పోస్తే? రక్తం అంటిన గ్లవుజుతోనే మిషన్, స్ప్రే సీసా, ఫోన్ అన్నీ పట్టుకుంటే? కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. మిషన్‌ను డెట్టాల్ గుడ్డతో తుడిస్తే అది పోతుందని ఎవరు చెప్పారు? రంగును నల్లా నీళ్లతో పలచన చేసినా చర్మంలోకి క్రిములు పోతాయి. 2011లో అమెరికాలోని రోచెస్టర్‌లో టాటూలు వేయించుకున్నవాళ్లకు చర్మం మీద పొక్కులు లేస్తే, ఆ క్రిమి సీల్ తీయని రంగు సీసాలో కూడా దొరికింది. అక్కడ సూది కొత్తదైతే ఏం లాభం? హెపటైటిస్ బి టీకా 3 డోసులు ముందే వేయించుకోమని ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క రాయలేకపోయారా!

ఎయిడ్స్ విషయంలో మాత్రం మెసేజ్ చాలావరకు కరెక్టే, ఒప్పుకుంటాను. హెచ్ఐవీ ఒంటి బయట ఎక్కువసేపు నిలవదు, టాటూతో రావడం చాలా అరుదు. ఇంకో మాట. మా నాయనమ్మ ముంజేతి మీది పచ్చబొట్టు జాతరలో పొడిపించుకున్నది. వరుసలో అందరికీ ఒకటే సూది. దానికన్నా ఈ షాపులు నయమే.

అయితే మీ పని అయ్యాక ఆ కొత్త సూది ఎక్కడికి పోతుందో కూడా చూడండి. గుచ్చినా చిల్లు పడని గట్టి డబ్బాలో వేయాలి. మామూలు చెత్తబుట్టలో వేస్తే, పొద్దున చెత్త ఆటోతో వచ్చే అక్క చేతికి గుచ్చుకుంటుంది. అన్నిసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌లో ఆమె ఊసే లేదు.